కేసు మొదలుపెట్టేదెవరు, ఆపేదెవరు?

అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఓబుళాపురం ఉంది. కొండ దాటితే కర్ణాటకలోని బళ్లారి. ఈ సరిహద్దులో ఇనుప ఖనిజాన్ని అక్రమంగా తవ్వి తరలించారన్న ఆరోపణపై సీబీఐ 2009 డిసెంబర్‌లో కేసు కట్టింది. ఓబుళాపురం మైనింగ్ కంపెనీ అధిపతి గాలి జనార్దనరెడ్డిని 2011 సెప్టెంబర్ 5న అరెస్టు చేసింది. హైదరాబాద్‌లోని సీబీఐ ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది మాత్రం 2025 మే 6న. ఆయనకూ, గనుల శాఖ మాజీ డైరెక్టర్‌తో సహా మరో ముగ్గురికీ ఏడేళ్ల జైలుశిక్ష పడింది. అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డి, విశ్రాంత ఐఏఎస్ అధికారి కృపానందం నిర్దోషులని కోర్టు తేల్చింది. మరుసటి నెలలోనే తెలంగాణ హైకోర్టు శిక్షను సస్పెండ్ చేసి బెయిల్ ఇచ్చింది. కేసు కట్టిన ఏడాది పుట్టిన పిల్లలు తీర్పు వచ్చేనాటికి పదో తరగతి పరీక్షలు రాసేశారు.

రాయలసీమలో రాజకీయ అవినీతి గురించి మాట్లాడాలంటే ఈ కేసు దగ్గరే మొదలుపెట్టాలి. ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు అన్న చర్చ ఏ టీ కొట్టు దగ్గరైనా వినిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మాత్రం చర్చకు రాదు. తిన్నవాళ్ల మీద కేసు పెట్టాలని నిర్ణయించేది ఎవరు? ఎప్పుడు? ఆ కేసును ఆపే చెయ్యి ఎవరిది? ప్రభుత్వాలు అవినీతి మీద చేస్తున్నామంటున్న పోరాటం న్యాయంగా ఉందా లేదా అన్నది ఈ ప్రశ్నల దగ్గరే తేలుతుంది.

ఓబుళాపురం ఆరోపణలు 2009 చివర్లో పుట్టుకొచ్చినవి కావు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే ప్రతిపక్షాలు గట్టిగా గొడవ చేశాయి. రాష్ట్ర ప్రభుత్వం కదల్లేదు. 2009 సెప్టెంబర్ 2న ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. తర్వాత వచ్చిన రోశయ్య ప్రభుత్వం మూడు నెలలు తిరక్కముందే సీబీఐ దర్యాప్తు కోరింది. కొండ అదే, తవ్వకం అదే, ఫైళ్లూ అవే. మారింది ముఖ్యమంత్రి ఒక్కరే.

ఆ ఫైళ్లలో ఒకదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. తవ్విన ఖనిజాన్ని సొంత ఉక్కు కర్మాగారం అవసరాలకే వాడాలన్న షరతుతో లీజులు ఇవ్వాల్సి ఉండగా, జీవో బయటికి వచ్చేసరికి ఆ షరతు లేకుండా పోయిందన్నది సీబీఐ ప్రధాన ఆరోపణల్లో ఒకటి. ఆ కర్మాగారం పేరు బ్రహ్మణి స్టీల్స్. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర దానికి పది వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. 2007లో శంకుస్థాపన చేశారు. ఒక్క టన్ను ఉక్కు కూడా తయారు కాలేదు. అనంతపురం ఖనిజం ఓడలెక్కి వెళ్లిపోయింది, కడప కుర్రాళ్లు పని కోసం బెంగళూరు బస్సెక్కారు. ఖజానాకు జరిగిన నష్టాన్ని సీబీఐ సుమారు 884 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. రాని ఫ్యాక్టరీ వల్ల జమ్మలమడుగు పోగొట్టుకున్నది ఏ చార్జిషీటులోనూ కనిపించదు.

కొండకు అటువైపు ఇదే వ్యవహారం ఇంకోలా నడిచింది. ప్రభుత్వంలోని వారిపై అవినీతి ఫిర్యాదులను విచారించే కర్ణాటక లోకాయుక్తకు సొంత పోలీసు విభాగం ఉంది. లోకాయుక్తగా ఉన్న జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ మైనింగ్‌పై తన తుది నివేదికను 2011 జూలై 27న ఇచ్చారు. అందులో అప్పుడు కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రి యడ్యూరప్ప పేరే ఉంది. నాలుగు రోజులకే, జూలై 31న, ఆయన రాజీనామా చేశారు. ఆ వ్యవహారానికి సంబంధించిన ముడుపుల కేసులో 2016లో సీబీఐ కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. ఆ మాట కూడా చెప్పి తీరాలి. అయినా అక్కడ శిక్ష పడిందా లేదా అన్నదానికంటే పెద్ద విషయం ఒకటుంది. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రిని వేలెత్తి చూపడానికి ఆయన దిగిపోయేదాకా ఆగాల్సిన అవసరం రాలేదు. సహజంగానే ఈ అధికారం అక్కడి నాయకులకు మింగుడుపడలేదు. 2016లో మరో పార్టీకి చెందిన ప్రభుత్వం విడిగా ఏసీబీని పెట్టి, అవినీతి కేసులను లోకాయుక్త పోలీసుల చేతిలోంచి తీసేసింది. 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఆ ఏసీబీని రద్దు చేసి అధికారాలను తిరిగి లోకాయుక్తకే అప్పగించింది.

ఆంధ్రప్రదేశ్‌కూ లోకాయుక్త ఉంది. 1983 చట్టం కింద ఏర్పడింది. 2021లో కార్యాలయం కర్నూలుకు వచ్చింది, మానవ హక్కుల కమిషన్ కూడా అదే ఏడాది వచ్చింది. సీమ జనానికి రాష్ట్రస్థాయి సంస్థ ఒకటి ఊళ్లోకి రావడం చిన్న విషయం కాదు. కానీ కర్ణాటకలో ఉన్నట్టు కేసు కట్టి, అరెస్టు చేసి, చార్జిషీటు వేసే పోలీసు బలగం ఈ లోకాయుక్తకు లేదు. విచారిస్తుంది, నివేదిక రాస్తుంది, సిఫార్సు పంపుతుంది. చర్య తీసుకోవాల్సింది ప్రభుత్వం. నివేదిక ప్రభుత్వంలోని పెద్దల గురించే అయితే, చర్య తీసుకునే చెయ్యీ వాళ్లదే అవుతుంది. ఇక్కడ పెద్ద అవినీతి కేసులు సీబీఐ, సీఐడీ, సిట్‌ల చుట్టూ తిరగడానికి అసలు కారణం ఇదే. వాటిలో మొదటిది ఢిల్లీ చేతిలో, మిగతావి అమరావతి చేతిలో ఉంటాయి.

కడప జిల్లా పులివెందులకు చెందిన జగన్‌మోహన్‌రెడ్డి 2010 నవంబర్‌లో కాంగ్రెస్‌ను వదిలారు. 2011 మేలో కడప లోక్‌సభ ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన ఆస్తులపై హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. కోర్టుకు వెళ్లినవారిలో ఒకరు అప్పటి కాంగ్రెస్ మంత్రి, ఇంకొకరు తెలుగుదేశం నేత. 2012 మే 27న అరెస్టయిన ఆయనకు 2013 సెప్టెంబర్‌లో బెయిల్ వచ్చింది. కాంగ్రెస్‌లోనే ఉండి ఉంటే ఈ కేసు వచ్చేదా అని ఆయన అభిమానులు అడిగే ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. తండ్రి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జరిగాయంటున్న కేటాయింపుల మీద, అదే పార్టీ ప్రభుత్వం కొడుకు గీత దాటేదాకా కన్నెత్తి చూడలేదు.

కానీ ప్రశ్న అక్కడితో ఆగకూడదు. ఆ కేసుల్లో ఒకటి లేపాక్షి నాలెడ్జ్ హబ్‌ది. అప్పటి అనంతపురం జిల్లాలోని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కేటాయించారు. ఇప్పుడవి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. హబ్ రాలేదు. భూముల్లో కొంత భాగం బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లింది, తర్వాత హబ్‌ను తలపెట్టిన ఇందూ సంస్థ దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. కేసు రాజకీయ కారణాలతో మొదలైందే అనుకుందాం. అంతమాత్రాన ఆ ఎకరాలు రైతులకు తిరిగి రావు, వాటిని ఎవరు ఎందుకు ఎవరికి ఇచ్చారన్న ప్రశ్న పోదు. ఆరోపణలు అబద్ధమైతే జగన్‌కు పదేళ్ల కిందటే ఆ మాట కోర్టు నుంచి దక్కాల్సింది. నిజమైతే శిక్ష పడాల్సింది. రెండూ జరగలేదు. చార్జిషీట్లు పదకొండు వేశారు. కేసు నుంచి తప్పించమనే డిశ్చార్జి పిటిషన్ల మీద పిటిషన్లు వచ్చి, అసలు విచారణ ఏళ్ల తరబడి ముందుకు కదల్లేదు. అవినీతి కేసు విచారణ వీలైనంతవరకు రెండేళ్లలో ముగియాలని, పొడిగించినా మొత్తం నాలుగేళ్లు దాటకూడదని 2018లో చట్టంలో రాసుకున్నాం.

ఇంతలో పార్టీల వైఖరి ఎటుపోయిందో చూడండి. 2018 నవంబర్‌లో చంద్రబాబు ప్రభుత్వం రాష్ట్రంలో దర్యాప్తు చేయడానికి సీబీఐకి ఉన్న సాధారణ అనుమతిని ఉపసంహరించింది. అప్పటికి తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికి వచ్చేసింది. 2019 జూన్‌లో అధికారంలోకి వచ్చిన జగన్ ప్రభుత్వం, సీబీఐ కేసుల్లో ఆయన నిందితుడిగా ఉండగానే, ఆ అనుమతిని పునరుద్ధరించింది. చట్టం మీద, సంస్థ మీద ఏ పార్టీకీ స్థిరమైన అభిప్రాయం లేదు. ఢిల్లీతో పొత్తు ఉందా, తగవు ఉందా అన్నదాన్ని బట్టి సీబీఐ మంచిదో చెడ్డదో అవుతుంది.

ఢిల్లీ సంస్థల తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంది. 2014 తర్వాత ఈడీ చర్యలు ఎదుర్కొన్న ప్రముఖ నాయకుల్లో 95 శాతం ప్రతిపక్షాలవారేనని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక 2022లో లెక్క తేల్చింది. సీమ కూడా ఈ బొమ్మలో ఉంది. కడప జిల్లాకు చెందిన అప్పటి తెలుగుదేశం ఎంపీ సీఎం రమేశ్ ఇళ్లలో, సంస్థల్లో 2018 అక్టోబర్‌లో ఆదాయపు పన్ను శాఖ సోదాలు చేసింది. 2019 జూన్‌లో ఆయన, కర్నూలుకు చెందిన టీజీ వెంకటేశ్, మరో ఇద్దరు రాజ్యసభ సభ్యులు కలిసి బీజేపీలో చేరారు. సోదాలు జరిగాయి కాబట్టి తప్పు చేసినట్టు కాదు. పార్టీ మారారు కాబట్టి తప్పును కప్పిపుచ్చుకున్నట్టూ కాదు. అయితే హడావుడిగా సోదాలు చేసే సంస్థలు చివరికి ఏం తేల్చాయో జనానికి చెప్పే ఆనవాయితీ లేదు. దాంతో అనుమానం ఒక్కటే మిగులుతుంది. ఏ తప్పూ చేయనివాడికి ఆ అనుమానం తీరని నష్టం.

2023 సెప్టెంబర్ 9 తెల్లవారుజామున నంద్యాలలో చంద్రబాబును సీఐడీ అరెస్టు చేసింది. నంద్యాల అంతకు ముందు ఏడాది దాకా కర్నూలు జిల్లాలో భాగమే. స్కిల్ డెవలప్‌మెంట్ కేసు ఎఫ్‌ఐఆర్ 2021 డిసెంబర్ నాటిది, అరెస్టు జరిగింది ఎన్నికలకు ఎనిమిది నెలల ముందు. యాభై రోజులకు పైగా ఆయన రాజమహేంద్రవరం జైల్లో ఉన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. ఇప్పుడు మద్యం విధానంపై సిట్ వచ్చింది, 2025 జూలైలో రాజంపేట ఎంపీ మిథున్‌రెడ్డి అరెస్టయ్యారు, సెప్టెంబర్‌లో బెయిల్‌పై బయటికి వచ్చారు. ఎవరి ఆరోపణ నిజమో కోర్టులు తేల్చాలి. కోర్టుతో పని లేకుండానే తెలిసే సంగతి ఒకటుంది. నిన్న నిందితుడిగా ఉన్న నాయకుడి చేతికి ఆయన మీద కేసు కట్టిన పోలీసు శాఖే వచ్చింది. అధికారంలో ఉన్నంతకాలం ఆ శాఖను అడిగేవారు లేని నాయకులు, దిగిపోగానే దాని గుమ్మంలో నిలబడ్డారు. ఎవరు నిర్దోషి అన్నదానితో సంబంధం లేకుండా, ఈ ఏర్పాటే తప్పు.

నంద్యాల అరెస్టు ఒక చట్టపరమైన చిక్కును బయటపెట్టింది. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 సవరణలో దానికి 17ఏ సెక్షన్ చేర్చారు. అధికార హోదాలో తీసుకున్న నిర్ణయాలపై దర్యాప్తు చేయాలంటే ముందుగా సంబంధిత ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. నిజాయితీ గల అధికారి సంతకం పెట్టడానికి జంకకూడదన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. చంద్రబాబు విషయంలో ఈ అనుమతి అవసరమా కాదా అన్నదానిపై 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. దాంతో విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. లంచం తీసుకుంటూ అక్కడికక్కడ పట్టుబడినవారి అరెస్టుకు ఏ అనుమతీ అక్కర్లేదు. అంటే వేల ఎకరాల కేటాయింపు మీద సంతకం చేసినవారి జోలికి వెళ్లాలంటే ప్రభుత్వాన్ని అడగాలి. ఐదు వేలు పుచ్చుకున్న వీఆర్వోను పట్టుకోవాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు.

అందుకే కర్నూలు, అనంతపురం, కడప జిల్లా ఎడిషన్లలో తరచూ కనిపించే వార్త 'ఏసీబీ వలలో' అన్నదే. వీఆర్వో, మండల సర్వేయర్, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంట్ రైటర్, కరెంటు లైన్‌మన్. వల పన్నే పద్ధతి అందరికీ ఒకటే. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లను మధ్యవర్తుల ముందు రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. డబ్బు చేతులు మారగానే అధికారులు లోపలికి వచ్చి, సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచమంటారు. నీళ్లు గులాబీ రంగులోకి తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి, సీలు వేసి, మధ్యవర్తుల నివేదికతో పాటు కోర్టుకు సాక్ష్యంగా పెడతారు. అనంతపురం జిల్లాలో పట్టుబడినవారినీ కర్నూలు ఏసీబీ కోర్టులోనే హాజరుపరుస్తారు.

ఈ పని అవసరం లేదనడం అన్యాయం. 1బీ భూమి రికార్డులో పేరు ఎక్కడానికి, సర్వే నంబరు సబ్‌డివిజన్ కావడానికి, రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22ఏ జాబితా నుంచి భూమి బయటపడటానికి చేయి తడపాల్సి వచ్చిన రైతుకు ఆ గులాబీ రంగు నీళ్లే దొరికిన న్యాయం. ఏసీబీ నంబరు 1064కు ఫోన్ చేయాలంటే గుండె కావాలి. మళ్లీ అదే ఆఫీసుకు, అదే పని మీద వెళ్లాల్సింది ఆయనే కదా. ఏళ్ల తర్వాత సాక్ష్యానికి పిలుపొచ్చేసరికి ఊళ్లో పెద్దమనుషులు నచ్చజెప్పి ఉంటారు, ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చేస్తాడు. అలా మార్చినా, చనిపోయినా, మిగతా ఆధారాలతో లంచం అడిగిన సంగతి రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబర్ 15న చెప్పింది. ఇది నిజంగా మేలు చేసిన తీర్పు.

అసలు లోపం వలలో చిక్కే చెయ్యి ఎవరిదన్న దాంట్లో ఉంది. తహసీల్దార్‌ను, సీఐని, సబ్‌రిజిస్ట్రార్‌ను ఒక నియోజకవర్గంలో వేయాలంటే ఎమ్మెల్యే లెటర్ ఉండాలన్నది ఇక్కడ బహిరంగ రహస్యం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని ఎన్నికల నిబంధన. ఆ మొత్తంతో నియోజకవర్గంలో ఎన్నిక ముగిసిందని నమ్మే ఓటరు ఎవరూ లేరు. పైన పెట్టిన ఖర్చు ఎక్కడో రాబట్టుకోవాలి. పోస్టింగుల్లో, ఇసుకలో, కాంట్రాక్టు బిల్లుల్లో అది రాబడి అవుతుంది. పోస్టింగుకు డబ్బు పెట్టి వచ్చాడని చెప్పుకునే అధికారి ఆ భారాన్ని కింది ఉద్యోగుల మీద, వాళ్లు రైతు మీద వేస్తారు. ఏసీబీ పట్టుకునేది ఈ వరసలో చిట్టచివరి వేలినే. పోస్టింగుకు లెటర్ ఇచ్చిన వాడి దాకా ఏ ట్రాప్ కేసూ వెళ్లదు, ఎందుకంటే ఆ లెటర్ మీద పొడి పూయలేరు.

ఇంతకంటే న్యాయంగా నడిచిన ప్రయత్నం కూడా సీమలోనే ఉంది, దాన్ని తలుచుకోవాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో దేశానికి ప్రారంభమైంది. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ మొదలైంది. తనిఖీ బృందం ఊళ్లోకి వచ్చి, కూలీల హాజరు రాసిన మస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. నువ్వు ఆ వారం పనికి వెళ్లావా, నీ చేతికి ఎంత వచ్చింది అని అడుగుతుంది. తవ్విన గుంతను టేపుతో కొలుస్తుంది. చివరికి మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక పెడతారు. చనిపోయినవాళ్ల పేరున వేసిన మస్టర్లు, చేయని పనికి రాసిన కొలతలు ఊరు పేరుతో సహా మైకులో చదువుతారు. కూలీలు అక్కడే లేచి, తాము ఆ పనికి వెళ్లలేదని చెబుతారు. ఎవరిని తనిఖీ చేయాలన్నది ఏ నాయకుడూ ఎంచుకోడు. అన్ని ఊళ్లకూ వరస వస్తుంది, అన్ని పార్టీల ఊళ్లకూ వస్తుంది. న్యాయం అంటే ఇక్కడ అర్థమైనంత తేలిగ్గా ఏ చార్జిషీటులోనూ అర్థం కాదు.

దాని బలహీనత ఏమిటంటే, తప్పు తేలాక చర్య మళ్లీ ప్రభుత్వం చేతిలోకే వెళ్తుంది. దొరికినంత రికవరీ కాదు, శిక్ష ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరే ఆగిపోతుంది. పైగా ప్రభుత్వం మారినప్పుడల్లా ఊళ్లలో ఫీల్డ్ అసిస్టెంట్లు, రేషన్ డీలర్లు, మధ్యాహ్న భోజనం వండే మహిళలు కూడా మారతారు. వాళ్లను తీసేయడానికి చూపే కారణం చాలాసార్లు అవినీతే. నిజంగా తిన్నవాడినీ, పోయిన ప్రభుత్వంలో పని దొరికిన పాపానికి బలైన బీద మహిళనూ ఒకే కాగితం మీద తీసేస్తే, అవినీతి ఆరోపణ అన్న మాటకే విలువ పోతుంది. 'కక్ష సాధింపు' అన్న ఒక్క మాటతో నిజమైన దొంగ కూడా తప్పించుకోగలుగుతున్నాడంటే దానికి దారి వేసింది ఇలాంటి ఉత్తర్వులే.

మార్చాల్సింది పెద్ద పెద్ద సిద్ధాంతాలేమీ కాదు. కర్నూలులో ఉన్న లోకాయుక్తకు సొంత దర్యాప్తు బలగం ఇవ్వాలి, మంత్రులు, ఎమ్మెల్యేలపై దర్యాప్తుకు అనుమతి ఇచ్చే అధికారాన్ని మంత్రివర్గం నుంచి తీసి స్వతంత్రమైన చోట పెట్టాలి. అంతకంటే తక్షణం చూడాల్సింది కేసులు మూసే పద్ధతి. ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ ఉపసంహరించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 10న ఆదేశించింది. కానీ కేసును ఉపసంహరించకుండానే చల్లార్చే దారి ఇంకొకటుంది. పోలీసులు ఆధారాల్లేవని తుది నివేదిక వేస్తారు. అప్పుడు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అభ్యంతరం ఉందా అని కోర్టు అడుగుతుంది. మామూలు దొంగతనం కేసులో ఆ ఫిర్యాదుదారు సొమ్ము పోగొట్టుకున్న మనిషి. రాజకీయ అవినీతి కేసులో ఫిర్యాదు చేసేది సాధారణంగా ఏదో ఒక ప్రభుత్వ శాఖో కార్పొరేషనో. ప్రభుత్వం మారగానే దాని అధిపతి మారతాడు, అభ్యంతరం లేదంటాడు. ఇలాంటి తుది నివేదికలను కూడా హైకోర్టు పరిశీలనకు పంపాలి, కారణాలతో సహా తెలుగులో బయటపెట్టాలి, భూమి పోయిన రైతుకూ పన్ను కట్టిన పౌరుడికీ అభ్యంతరం చెప్పే హక్కు ఇవ్వాలి. నిందితుడు ఏ పార్టీవాడైనా, అప్పుడు అధికారంలో ఉన్నది ఏ పార్టీ అయినా.